మూడు పాళ్ళు నూనె, ఒక పాలు పులుపు

పచ్చి ఆకులు కడిగి, త్రుంచి, కొంచెము ఉప్పు, కొంచెము పులుపు, కొంచెము నూనె చేర్చి కలుపుట – ఇందులో చరిత్ర యేమున్నదని పాఠకులకు తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. సలాడునకు పొయ్యి వెలిగింపనక్కరలేదు. ఉడుకు లేదు, వేపుడు లేదు, పాకము తప్పునను భయము లేదు. కాని ఆ ‘కొంచెము’ అను మాట దగ్గరనే చిక్కు వచ్చును. ఉప్పు ఎంత? పులుపు ఎంత? నూనె ముందా, పులుపు ముందా? ఈ చిన్న ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు ఐరోపా ఖండమున పెద్ద పెద్దవారు కలము పట్టిరి. వారిలో ఒక రోమను నౌకాదళాధిపతి, మతద్రోహియని ముద్రపడిన ఒక పండితుడు, లండను రాయల్ సొసైటీ సభ్యుడొకడు, ఫ్రాన్సు దేశపు న్యాయమూర్తి ఒకడు కలరు.

మేము మొదటిసారి ఇంట సలాడు చేసిననాడు వినిగరు సీసాను ధారాళముగ వంచితిమి. గిన్నె అడుగున పుల్లని నీరు మడుగు కట్టెను. ఆకులు వ్రేలాడబడెను. ఇంటిల్లిపాదియు మర్యాదకొరకు తలకొక ముద్ద తిని, పెరుగన్నము వైపు చేయి చాచిరి. సరిగా ఇదే తప్పును చూచి 400 ఏండ్ల క్రిందట మనసు నొచ్చుకొన్న వాడొకడు కలడని తరువాత చదివి తెలిసికొంటిమి. ఆయన కథ చెప్పుటకే ఈ ప్రసంగము. అయితే ఆయన వద్దకు పోవుటకు ముందు కొంత దూరము వెనుకకు నడువవలెను.

మొదట మాటల పుట్టుక చూతము. లాటిన్ భాషలో ‘సాల్’ అనగా ఉప్పు. ఉప్పు చేర్చిన ఆకు గనుక దానికి ‘సలాటా’ యని పేరు. అదియే ఇటలీవారి నోట ‘ఇన్సలాటా’ యై, ఫ్రెంచివారి నోట ‘సలాద్’ అయి, ఆంగ్లేయుల ద్వారా మనకు ‘సలాడు’గ వచ్చినది. ఇక వినిగరు. ఫ్రెంచి భాషలో ‘వాఁ’ యనగా ద్రాక్షాసవము; ‘ఎగ్ర్’ యనగా పుల్లనిది. పులిసిపోయిన ఆసవమే ‘వినెగ్ర్’. దానినే హైదరాబాదు ప్రాంతపు వారు సిర్కా యందురు. ఆ వినెగ్ర్ అను మాటకు చిన్నదనమును తెలుపు ప్రత్యయము చేర్చినచో ‘వినెగ్రెట్’ అగును. నూనె, పులుపు, ఉప్పు కలిపి గిలకొట్టిన పలుచని ద్రవమునకు నేడు ఆ పేరు స్థిరపడినది. కావున సలాడు పేరు ఉప్పునుండి పుట్టినది, దానిమీద పోయు ద్రవము పేరు పులుపునుండి పుట్టినది. నూనె పేరు ఎందులోను లేదు. పని మాత్రము దానిదే హెచ్చు.

రోమనుల కాలమున పచ్చి కూరాకులను వినిగరుతో తినెడి వాడుక ఉండెను. అట్టి కూరలను వారు ‘అసెటారియా’ యనిరి. ‘అసేటుమ్’ అనగా వారి భాషలో వినిగరు. పెద్ద ప్లినీ అను పండితుడు తన ప్రకృతి చరిత్ర గ్రంథములో ఈ కూరలను మెచ్చుకొనెను. వీటికి నిప్పు అక్కరలేదు, కట్టెల ఖర్చు లేదు, ఎప్పుడు కావలసిన అప్పుడు సిద్ధముగ నుండునని ఆయన భావము. ఇది ధనికుని విందును గూర్చిన మాట కాదు. పెరటిమడి గల పేదవాని సంసారమును గూర్చిన మాట. ఈ ప్లినీయే నౌకాదళమునకు అధిపతిగ నుండి, క్రీ.శ. 79లో విసూవియస్ అగ్నిపర్వతము ప్రేలినప్పుడు జనులను ఓడలలో తప్పింపబోయి ప్రాణము కోల్పోయెను.

అగస్టస్ చక్రవర్తికి వచ్చిన జబ్బు ఒకటి లెట్యూస్ ఆకువలన కుదిరినదని కూడ ప్లినీ వ్రాసెను. జబ్బు నిజముగ ఆకువలననే కుదిరినదో కాదో గాని, ఆ ఆకు ప్రతిష్ఠ మాత్రము దానితో పెరిగెను. అదే శతాబ్దమున కొలుమెల్లా అను వ్యవసాయ గ్రంథకర్త ఒక పాకమును చెప్పెను. పుదీనా, కొత్తిమీర, సదాపాకు, లెట్యూస్, పార్స్లీ మున్నగు పచ్చి ఆకులను, ఉప్పు చేర్చిన లేత జున్నును రోటిలో వేసి నూరవలెను. మిరియము కలిపిన వినిగరు కొద్దిగ చేర్చి, పైన నూనె పోయవలెను. చదువుచుండగా మన రోటి పచ్చడియే జ్ఞప్తికి వచ్చును. అందలి మిరియమునకు మనతో చుట్టరికమును కలదు. రోమనులు తినిన మిరియము దక్షిణ భారతపు పడమటి తీరమునుండి ఓడలమీద పోయినదే.

పడమటి రోమను సామ్రాజ్యము అంతరించిన తరువాత సుమారు తొమ్మిది వందల ఏండ్లకు ఇంగ్లండులో రెండవ రిచర్డు రాజు వంటవారు, ఇంచుమించు 1390 ప్రాంతమున, తమ పాకములను ఒక గ్రంథముగ కూర్పించిరి. అందులో సలాడు ఒకటి. పార్స్లీ, పుదీనా, వెల్లుల్లి ఆకులు, ఉల్లికాడలు మొదలైనవి అనేకము అందు చేరినవి. ఆ జాబితాలో ఒక ఆకును చూచి మేము ఆగితిమి. అది మన గంగపాయల కూర. తెలంగాణమున గంగవాయిలి కూర యందురు. చేలగట్లమీద ఎవరును నాటకయే మొలిచి, పప్పులో వేసిన కమ్మగ నుండు ఆ పుల్లని దళసరి ఆకే, ఆంగ్ల రాజుగారి పళ్ళెములో పచ్చిగ వడ్డింపబడినది. ఆకులను చేతితో చిన్నవిగ త్రుంపవలెననియు, పచ్చినూనెతో బాగుగ కలుపవలెననియు, ఉప్పును వినిగరును తరువాత చేర్చి వడ్డింపవలెననియు ఆ వంటవారు చెప్పిరి. క్రమము గమనింపుడు: మొదట నూనె, తరువాత పులుపు.

ఈ క్రమమునే ధర్మసూత్రమువలె నిలబెట్టిన వాడు జాకొమో కాస్తెల్వెత్రో. ఆయన 1546లో ఇటలీదేశమున మోదెనా పట్టణమందు జన్మించెను. ఆయన పినతండ్రియో పెదతండ్రియో యగు లోదొవీకో కాస్తెల్వెత్రో, అరిస్టాటిలు కావ్యశాస్త్రమునకు వ్యాఖ్యానము వ్రాసిన ప్రసిద్ధ పండితుడు. మతవిశ్వాసము విషయమున అనుమానమునకు గురియై దేశము విడిచిన వాడు. జాకొమో కూడ ఆ బాటనే నడిచెను. ప్రొటెస్టెంటు మతము నవలంబించినందున స్వదేశమున నిలువ నీడ లేకపోయెను. ఊరూరు తిరిగి, భాషలు బోధించి, పుస్తకములు పరిష్కరించి పొట్ట పోసికొనెను. స్కాట్లండు రాజగు ఆరవ జేమ్సునకు ఇటాలియన్ భాష నేర్పిన గురువు ఆయనయే. ఆ రాజే పిమ్మట ఇంగ్లండునకును రాజయ్యెను.

వయసు మీరిన తరువాత కాస్తెల్వెత్రో వెనిస్ నగరము చేరెను. 1611లో అక్కడ మతవిచారణ సభవారు ఆయనను బంధించిరి. ఆంగ్లేయ రాయబారి డడ్లీ కార్ల్టన్ పూనుకొని ఆయనను విడిపించెను. అరువదియైదేండ్ల వయసున ఆయన మరల పరదేశి. ఇంగ్లండు చేరి, కొంతకాలము కేంబ్రిడ్జిలో ఇటాలియన్ బోధించెను. అక్కడి ప్రజలు తినుచున్న తిండి చూచి ఆయనకు దిగులు పుట్టినది. ఎటు చూచినను మాంసము, మిఠాయిలు, ఆకుకూరలు స్వల్పము. తినెడి ఆ స్వల్పమును కూడ సరిగా కడుగరు, సరిగా కలుపరు.

అప్పుడు, 1614లో, ఆయన ఒక చిన్న గ్రంథము వ్రాసెను. ఇటలీలో తినెడి పండ్లు, కూరగాయలు, ఆకులు – ఏ ఋతువున ఏవి కాయును, వాటిని ఎట్లు వండుదురు, ఎట్లు పచ్చిగ తిందురు అనునదే విషయము. ఉద్యానవనములయందు మక్కువగల బెడ్‌ఫర్డు ప్రభుపత్ని లూసీకి దానిని అంకితము చేసెను. గ్రంథము వసంతముతో ప్రారంభమై శీతకాలముతో ముగియును. పైకి చూచిన కూరల పట్టిక. లోన చూచిన, తిరిగి పోలేని ఇంటిని మనసులో ఒక సంవత్సరము పొడుగున నడిచి వచ్చిన ముసలివాని జ్ఞాపకము.

సలాడు విషయమున ఆయన చెప్పిన విధి ఇది. ముందు చేతులు కడుగుకొనవలెను. తరువాత ఆకులను గిన్నెడు నీటిలో వేసి కదపవలెను. గిన్నె వంచి నీరు పారబోయరాదు. వంచినచో అడుగున పేరిన ఇసుక మరల ఆకులకు పట్టును. ఆకులనే చేతితో పైకి తీసి, నీరు మార్చి, మరల కడుగవలెను. మన ఇండ్లలో తోటకూర కడుగు పద్ధతి సరిగా ఇదియే కాదా! అటుపిమ్మట శుభ్రమైన వస్త్రములో తడి ఆర్చవలెను. గిన్నె అడుగున ముందుగ ఉప్పు వేసి, ఆకులు వేసి, నూనె ధారాళముగ పోసి, ప్రతి ఆకునకును దాని వంతు నూనె అందునట్లు కలుపవలెను. కట్టకడపట వినిగరు. సూత్రము మూడు మాటలలో ముగియును: ఉప్పు చాలినంత, నూనె సమృద్ధిగ, పులుపు స్వల్పముగ. ఈ విధిని అతిక్రమించిన వానికి మంచి సలాడు ప్రాప్తింపదని ఆయన హెచ్చరిక. ఆంగ్లేయులు నూనె లేకయే, కలుపకయే, పాదములు కడుగుకొనునంత వినిగరు పోయుదురని ఆయన పరిహసించెను. మా మొదటి ప్రయత్నమును ఆయన చూడలేదు గాని, చూచినట్లే వ్రాసెను.

ఆ గ్రంథమువలన ఆయన ఆశించిన ఆశ్రయము దొరకలేదు. 1616లో పరదేశముననే, లేమిలోనే కన్నుమూసెను. ఆయన వ్రాత చేతివ్రాత ప్రతులుగ గ్రంథాలయములందు నిద్రించెను. దాని ఆంగ్లానువాదము గ్రంథరూపమున వెలువడినది 1989లో. ఎవరికొరకు వ్రాసెనో ఆ దేశమువారి భాషలో దానిని అచ్చున చదువుటకు 375 ఏండ్లు పట్టినదన్నమాట.

అయినను ఆయన కోరిన మార్పు ఇంగ్లండులో మరియొక దారిన వచ్చినది. జాన్ ఈవ్లిన్ అను పెద్దమనిషి యౌవనమున, తన దేశములో అంతర్యుద్ధము సాగుచున్న దినములలో, ఫ్రాన్సు, ఇటలీ దేశములందు కొన్ని సంవత్సరములు సంచరించెను. తిరిగి వచ్చి లండనునకు సమీపమున డెట్‌ఫర్డు గ్రామములో గొప్ప తోట వేసెను. రాయల్ సొసైటీ తొలి సభ్యులలో ఆయన ఒకడు. 1698లో రష్యా చక్రవర్తి పీటరు ఓడల నిర్మాణము నేర్వవచ్చి ఆ ఇంట బస చేసి, ఈవ్లిన్ ఎంతో ముద్దుగ పెంచిన తోటను పాడు చేసిపోయెను. మరుసటి యేడు, ఇంచుమించు ఎనుబదేండ్ల వయసున, ఈవ్లిన్ ‘అసెటారియా’ అను గ్రంథమును ప్రకటించెను. పేరు రోమనులది, విషయమంతయు సలాడే.

ఈవ్లిన్ పని శాస్త్రజ్ఞుని పని. ఆకులను, దుంపలను, కాడలను వరుసగ పేర్కొని ఒక్కొక్కదాని గుణమును చెప్పెను. ఏ నెలలో ఏవి ఎంతెంత కలుపవలెనో తెలుపుచు పట్టిక కూర్చెను. సంగీతములో ఒక్కొక్క స్వరము తన స్థానమున పలికినట్లు సలాడులో ఒక్కొక్క ఆకును తన వంతు పలుకవలెనే గాని, ఒకటి మిగిలినవానిని మ్రింగరాదని ఆయన అభిప్రాయము. కడిగిన ఆకులను చిల్లుల గిన్నెలో వడియగట్టి, మోటు గుడ్డలో మూటగట్టి మెల్లగ ఊపి తడి పోగొట్టుమనెను. పులుపు లోహమును తినునుగనుక పళ్ళెము పింగాణిదై యుండవలెననెను.

ద్రవము విషయమున ఆయన కొలతను స్పష్టముగ చెప్పెను: మూడు పాళ్ళు ఆలివ్ నూనె, ఒక పాలు చుఱుకైన వినిగరు, వినిగరు లేనిచో నిమ్మరసమో నారింజరసమో. దానికి ఉప్పు, ఆవపిండి, ఉడికించిన గ్రుడ్డు పచ్చసొన మెదిపి చేర్చుమనెను. కాస్తెల్వెత్రో ‘సమృద్ధి’ యని, ‘స్వల్పము’ అని చేతి అంచనాతో చెప్పినదానికి ఈవ్లిన్ అంకెను ఇచ్చెను. నేటికిని లోకమున వంటవారు చెప్పు మొదటి లెక్క అదియే – మూడునకు ఒకటి.

సలాడు కలుపు నేర్పు మరియొక పరదేశిని ధనవంతుని చేసినది. ఆ కథను మనకు చెప్పిన వాడు ఫ్రాన్సు దేశపు న్యాయమూర్తి బ్రియా-సవారాన్. ఆయనయు విప్లవ కాలమున దేశము విడిచి, అమెరికాలో ఫ్రెంచి పాఠములు చెప్పి, నాటకశాలలో ఫిడేలు వాయించి బ్రతికిన వాడే. రుచిని గూర్చి ఆయన వ్రాసిన ప్రసిద్ధ గ్రంథము 1825లో వెలువడెను. అందులో దల్బిన్యాక్ అను ఒక ఫ్రెంచి కులీనుని వృత్తాంతము కలదు. విప్లవమునకు వెఱచి లండను చేరిన ఆయన చేతిలో పైకము స్వల్పము. ఒకనాడు భోజనశాలలో తినుచుండగా ప్రక్క బల్లవద్ద కూర్చున్న యువకులు, ఫ్రెంచివారు సలాడు కలుపుటలో నేర్పరులట, మాకొకటి కలిపి పెట్టుదురా యని మర్యాదగ అడిగిరి. కలిపెను. వారు ఆనందించి ఐదు పౌనుల నోటు చేత పెట్టిరి.

పిమ్మట ఆయనను ధనికుల ఇండ్లకు పిలువసాగిరి. గొప్ప ఇండ్లలో విందు జరిగిన, సలాడు కలుపుటకు ఆయన రావలసినదే. ఇంటింటికి పోవుటకు బండి నేర్పరచుకొనెను. ఒక సేవకుడు వెంట పెట్టె మోయుచుండెను; అందులో పరిమళము గల వినిగరులు, రకరకముల నూనెలు, చేప గ్రుడ్లు, పచ్చసొనలు మున్నగునవి. చివరకు అట్టి పెట్టెలనే చేయించి వందలకొలది విక్రయించెను. దేశము శాంతించిన పిమ్మట ఎనుబదివేల ఫ్రాంకులకు పైగ కూడబెట్టి స్వదేశమునకు మరలెనని బ్రియా-సవారాన్ చెప్పెను.

ఈ ఇరువురి కథలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినప్పుడు మా మనసు కొంత బరువెక్కినది. ఇద్దరును ఇల్లు కోల్పోయినవారే. ఇద్దరి చేతిలోను మిగిలినది ఆకును, నూనెను, పులుపును సమముగ కలుపు నేర్పే. ఒకడు విందుబల్లవద్ద పది మంది చూడగా కలిపి సంపన్నుడయ్యెను. ఒకడు ఎవరి పెరటిలోనైనను పెరుగు ఆకును ఎట్లు కడుగవలెనో ఓపికగ వ్రాసి, పేదవాడుగనే పోయెను. కాని నేడు మనము సలాడు కలుపబోయినప్పుడు దల్బిన్యాక్ పెట్టె మనకు అక్కరకు రాదు. ఆ చేప గ్రుడ్లు, ఆ పరిమళపు సీసాలు ఆయనతోనే పోయినవి. ముసలి ఇటలీవాని మూడు మాటలే మిగిలినవి.

ఇక వినిగరును గూర్చి, నూనెతో దాని వైరమును గూర్చి రెండు మాటలు. ఫ్రాన్సులో ల్వార్ నది ఒడ్డున ఒర్లెయాన్ పట్టణము కలదు. ఆ నదిపై పడవలలో ప్యారిస్ నగరమునకు పోవు ద్రాక్షాసవము అక్కడ దింపబడుచుండెను. దారిలో పులిసిపోయినది అక్కడనే వినిగరుగ మారుచుండెను. ఆవిధముగ ఆ ఊరు వినిగరునకు ప్రసిద్ధి కెక్కెను. పీపాలలో సగమువరకు పోసి, గాలి తగులునట్లుంచి, వారముల తరబడి వేచి, కొంత తీసికొని అంతే క్రొత్త ఆసవము చేర్చుట వారి పద్ధతి. పై భాగమున పలుచని పొర యేర్పడును. ఆ పొరలోని సూక్ష్మజీవులే గాలియందలి ప్రాణవాయువు సహాయమున ఆసవములోని మద్యసారమును ఆమ్లముగ మార్చుచున్నవని లూయీ పాశ్చర్ ప్రయోగములచే నిరూపించెను. 1867లో ఆయన ఒర్లెయాన్ వ్యాపారులకు ఈ విషయమున ఉపన్యాసమిచ్చెను. 1868లో అది గ్రంథముగ వెలువడెను. అమ్మమ్మలు నిన్నటి పెరుగుతో నేటి పాలను తోడుపెట్టినట్లే, ఒర్లెయానువారు పాత వినిగరుతో క్రొత్తదానిని తోడుపెట్టుచుండిరి. కారణము తెలియకముందే కార్యము చక్కగ జరుగుచుండెను.

నూనె, వినిగరు తమంత తాము కలియవు. సీసాలో పోసి గట్టిగ గిలకొట్టినచో వినిగరు సన్నని బిందువులుగ చీలి నూనెలో వ్యాపించును. కొంతసేపు నిలువబెట్టిన బిందువులు మరల ఒకదానినొకటి కలిసికొని అడుగునకు దిగును. ఆవపిండి చేర్చినచో అందలి జిగురు, సన్నని రేణువులు బిందువులచుట్టు చేరి అవి త్వరగ కలియకుండ అడ్డుపడును. ఈవ్లిన్ ఆవపిండిని, పచ్చసొనను ఊరక చేర్పలేదు. ఇంకొక సంగతి. ఆకుమీద సహజముగ మైనమువంటి పలుచని పూత యుండును. నీరు దానిపై నిలువక జారును, నూనె అంటుకొనును. ఆకు తడిగ నున్నచో నూనె పట్టక క్రిందికి జారిపోవును. గుడ్డలో తడి ఆర్చుటకు కాస్తెల్వెత్రో, ఈవ్లిన్ ఇరువురును అంత ప్రాముఖ్యమిచ్చుటకు కారణమిదే.

నూనె, పులుపు, ఉప్పు, ఆవపిండి. ఈ నాలుగు పేర్లు చదివినప్పుడు మన గృహిణులకు ఏమి తోచినది? మాకు తోచినది ఆవకాయ. పుల్లని మామిడి, నువ్వుల నూనె, ఉప్పు, ఆవపిండి – మనము వీనికి కారము చేర్చితిమి, అంతే భేదము. నూనెను కాచకయే పచ్చిగ పోయుట, అది ముక్క ముక్కకు పట్టునట్లు కలుపుట మన అమ్మలకు తెలియని విద్య కాదు. ఒకటి జాడీలో ఏడాది నిలుచును. ఒకటి పళ్ళెములో గడియ నిలువదు. నాలుగు వస్తువులు అవే. పాళ్ళు మారిన ఫలము మారినది. అట్లే శ్రీరామనవమినాడు నానిన పెసరపప్పులో మామిడి తురుము, కొబ్బరి, కొత్తిమీర చేర్చి తిను కోసంబరి ఏ విధముగ చూచినను సలాడే. కావున ఇది మన ఇంటికి వచ్చిన క్రొత్త అతిథి కాదు. చాలకాలమునకు కలిసిన దూరపు చుట్టము.

ఇంటివద్ద చేయదలచినవారికి మేము అనుభవముమీద చెప్పునది ఇంతే. లెట్యూస్ దొరికిన సరి. లేనిచో లేత పాలకూర, పుదీనా, కొత్తిమీర, కీరా దోసకాయ, ముల్లంగి, లేత గంగపాయల ఆకు చాలును. పచ్చిగ తినునవి గనుక త్రాగుటకు పనికివచ్చు నీటితోనే, రెండు మూడు మార్లు నీరు మార్చి, ఆకులను పైకి తీయుచు కడుగవలెను. తడి పూర్తిగ ఆర్చవలెను. ఒక చిన్న సీసాలో చెంచాడు వినిగరో నిమ్మరసమో పోసి, ముందు ఉప్పు అందులో కరగనీయవలెను. ఉప్పు నూనెలో కరగదు. పావు చెంచా ఆవపిండి వేసి, మూడు చెంచాల నూనె పోసి, మూత బిగించి గిలకొట్టవలెను. ఆలివ్ నూనెయే కావలెనను నియమము లేదు. గానుగ నువ్వుల నూనెతో చేసి చూచితిమి, మన నాలుకకు అది మరింత దగ్గర. మన నిమ్మకాయ పులుపు హెచ్చు గనుక ఒక ఆకును ముంచి రుచి చూచి, అవసరమైన నూనెను నాలుగవ పాలు చేయవచ్చును. వడ్డించు క్షణముననే కలుపవలెను. ముందుగ కలిపి ఉంచినచో ఉప్పు నీరు లాగును, ఆకు వాడును. వెల్లుల్లి రుచి కోరువారు అప్పటికప్పుడు నలిపి వేసికొనవలెను. పచ్చి వెల్లుల్లిని నూనెలో వేసి బయట నిలువ ఉంచుట ప్రమాదకరము.

గిన్నె అడుగున ఏమియు మిగులకుండుట మంచి సలాడునకు గుర్తు. మొన్న మా ఇంట అట్టి దినము వచ్చినది. ఈమారు పెరుగన్నము వైపు ఎవరును తొందరపడలేదు. గిన్నె కడుగబోవుచు, ఒక ముసలి పరదేశి 1614లో చలిదేశమున కూర్చుండి, తన ఊరి ఆకులను ఒక్కొక్కటి తలచుకొనుచు వ్రాసిన ఆ మూడు మాటలను మేము మరల తలచుకొంటిమి. ఆయనకు దక్కవలసిన మెప్పు ఆలస్యముగనైనను, ఇంత దూరమున, తెలుగు ఇంటి భోజనపు పీటలవద్ద దక్కుచున్నందుకు సంతోషించితిమి.